పాత పెట్రోలు కారులో మిస్సింగ్, తడబాటు: లోపం ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి

ఎక్సలరేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఆ తరువాత ముందుకు దూకడం ఒక రకం లోపం. నిలకడగా తిరగవలసిన ఇంజను మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పి, ఆ కుదుపు స్టీరింగు పట్టుకున్న చేతులకు తెలియడం మరో రకం లోపం. మొదటిదాన్ని తడబాటు అనీ, రెండోదాన్ని మిస్సింగ్ అనీ ఈ వ్యాసంలో విడివిడిగా పిలుస్తాను. మామూలుగా రెండింటినీ కలిపి ‘మిస్ కొడుతోంది’ అనేస్తారు, పొరపాటు అక్కడే మొదలవుతుంది. తడబాటు సాధారణంగా సిలిండర్లన్నిటికీ ఉమ్మడిగా అందే వాటిలో, అంటే గాలిలోనో, పెట్రోలులోనో, స్పార్కు పడే సమయంలోనో వచ్చే తేడా. ఒకే లయలో వచ్చే మిస్సింగ్ చాలాసార్లు ఏదో ఒక్క సిలిండరుకు సంబంధించినది. ఈ తేడా గమనించకుండా ప్లగ్గులు, వైర్లు, కాయిల్ (స్పార్కుకు కావలసిన ఎక్కువ వోల్టేజీని పుట్టించే చుట్ట) అంటూ ఒక్కొక్క భాగమే మార్చుకుంటూ పోతే చివరికి బండి బాగుపడినా, ఏది పాడైందో తెలియకుండానే మిగిలిపోతుంది. పాత బండిని చాలా కాలం నడపదలచుకున్నవారికి ఆ తెలియకపోవడమే అసలు నష్టం.

ఇక్కడ చెప్పేదంతా కార్బురేటరు (గాలిలో పెట్రోలు కలిపే భాగం), డిస్ట్రిబ్యూటరు (స్పార్కు కరెంటును వంతులవారీగా సిలిండర్లకు పంచే భాగం) ఉన్న పాత పెట్రోలు ఇంజన్లనూ, కార్బురేటరు బదులు పెట్రోలును ఇంజెక్టరుతో చిమ్మే ఇంజెక్షన్ వచ్చిన తొలి తరాల ఇంజన్లనూ దృష్టిలో పెట్టుకుని చెబుతున్నది. డీజిల్ ఇంజనులో స్పార్కే ఉండదు కాబట్టి దాని లెక్క వేరు.

బానెట్ ఎత్తే ముందు

పానా పట్టుకునే ముందు ఒక కాగితం తీసుకుని, లోపం ఎప్పుడెప్పుడు వస్తోందో రాసుకోవాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఐడిలింగ్‌లోనా, ఎత్తు ఎక్కేటప్పుడా, చాలాసేపు వేగంగా పోయాకా? వాన పడ్డ రోజునే వస్తోందా? కొత్తగా పెట్రోలు కొట్టించాక మొదలైందా? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇది మొదలవడానికి ముందు ఆ ఇంజను మీద ఎవరైనా ఏదైనా పని చేశారా? ఊడదీసి మళ్లీ పెట్టడం మరిచిపోయిన ఒక సన్నని రబ్బరు పైపు, తారుమారైన రెండు ప్లగ్గు వైర్లు, సరిగా కూర్చోని డిస్ట్రిబ్యూటర్ క్యాప్, ఇలాంటివి నేను లెక్కలేనన్ని చూశాను.

ఈ జవాబుల్లో సగం నిర్ధారణ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడే తడబడి వేడెక్కాక సర్దుకునే ఇంజనుకు పెట్రోలు చాలడం లేదన్నమాట. చోక్ (చల్లని ఇంజనుకు గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మూత) సరిగా పడకపోవడం గానీ, ఇంజెక్షన్ బండి అయితే కూలెంట్ వేడిని కొలిచే సెన్సర్ తప్పు చెప్పడం గానీ, గాలి దొంగతనంగా లోపలికి పోవడం గానీ ఇందుకు కారణమై ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచి, అరగంట తరువాత మొరాయించి, కాసేపు ఆపితే మళ్లీ మామూలైపోయే బండిలో మొదట అనుమానించవలసింది కాయిల్‌నూ, దానికి కరెంటును కలిపి తెంచే ఎలక్ట్రానిక్ భాగమైన ఇగ్నిషన్ మాడ్యూల్‌నూ. వేడికి లోపలి తీగ వ్యాకోచించి ఎక్కడో తెగుతుంది, చల్లారాక మళ్లీ అతుక్కుంటుంది. ఐడిలింగ్‌లో వణికి, కొంచెం రేస్ చేయగానే సాఫీ అయ్యేది గాలి లీకు కావచ్చు, మూసుకోని ఈజీఆర్ వాల్వు (ఎగ్జాస్ట్ పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపేది) కావచ్చు, ట్యాపెట్ (వాల్వును నెట్టే భాగం) బిగుసుకుని పూర్తిగా మూసుకోని వాల్వు కావచ్చు. చాలాసేపు వేగంగా పోయాక శక్తి సన్నగిల్లడం పెట్రోలు ఫిల్టరు మూసుకుపోయినప్పటి లక్షణం.

టాప్ గేరులో ఎత్తు ఎక్కుతూ ఎక్సలరేటర్ బాగా తొక్కినప్పుడే మిస్ కొడితే మాత్రం స్పార్కు వైపే చూడాలి. ఎందుకంటే సిలిండరులోకి మిశ్రమం నిండుగా వచ్చినప్పుడు అక్కడి ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగిన కొద్దీ ప్లగ్గు సందును స్పార్కు దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఐడిలింగ్‌లో ఎలాగో నెట్టుకొచ్చే బలహీనమైన స్పార్కు బరువు పడేసరికి చేతులెత్తేస్తుంది, లేదా చిట్లిన వైరులోంచి సులువైన దారి చూసుకుని ఇంజను బాడీలోకి పోతుంది.

ఏ సిలిండరు పని చేయడం లేదు?

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. నిమిషానికి 800 చుట్ల ఐడిలింగ్‌లో అంటే ఒక్కో సిలిండరు నిమిషానికి 400 సార్లు, సెకనుకు సుమారు ఏడు సార్లు మండాలి. ఒక సిలిండరు పూర్తిగా చచ్చిపోతే ఆ లయలోనే కుదుపు వస్తుంది. సైలెన్సర్ గొట్టం చివర ఒక కాగితం ముక్క పట్టుకుంటే అది ఒకే తాళంలో తడబడడం కంటికి కనిపిస్తుంది. లయ లేకుండా, ఎప్పుడంటే అప్పుడు తప్పుతుంటే లోపం ఒక్క సిలిండరుది కాదు, అన్నిటికీ ఉమ్మడిదని భావించవచ్చు.

చచ్చిన సిలిండరును పట్టుకోవడానికి నేను మొదట చేసే పని చాలా చిన్నది. చల్లారిన ఇంజనును స్టార్ట్ చేసి, ఒక నిమిషం తిరగనిచ్చి, ఎగ్జాస్ట్ మానిఫోల్డు గొట్టాల మీద, అవి హెడ్డులోంచి బయటికి వచ్చే చోట, ఒక్కొక్క నీటి చుక్క వేస్తాను. మండుతున్న సిలిండరు గొట్టం మీద చుక్క సుయ్యిమని ఎగిరిపోతుంది. మండని సిలిండరు దగ్గర అది తాపీగా జారి కిందికి కారుతుంది. గొట్టాలు బాగా కాలకముందే, ఒక్కో చుక్క మాత్రమే వేయాలి. కాలిన పోత ఇనుము మీద నీళ్లు గుమ్మరిస్తే అది పగులుతుంది. దూరం నుంచి వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే ఈ పని మరింత కచ్చితంగా అవుతుంది.

రెండో పద్ధతి ఒక్కో సిలిండరును ఆపి చూడడం. ఇంజను ఐడిలింగ్‌లో ఉండగా ఒక ప్లగ్గు వైరు తీస్తే వేగం పడిపోవాలి. ఏ వైరు తీసినప్పుడు ఇంజనులో మార్పే రాదో, ఆ సిలిండరు అంతకుముందే పని చేయడం లేదని అర్థం. ఇక్కడ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఆ వైరులో 20,000 వోల్టులకు పైగా ఉండవచ్చు కాబట్టి ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. తీసిన వైరును గాలిలో వేలాడనివ్వకుండా ఎర్తుకు తగిలేలా చూడాలి, లేకపోతే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండ్లలో మాడ్యూలో, కాయిలో దెబ్బతింటుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ (ఎగ్జాస్ట్ పొగను శుభ్రపరిచే భాగం) ఉన్న బండిలో ఈ పరీక్షను కొన్ని క్షణాలకు మించి చేయకూడదు. మండని పెట్రోలు అక్కడికి చేరి మండి, దాన్ని కరిగించేంత వేడి పుట్టిస్తుంది. ఇంజెక్షన్ బండి అయితే ప్లగ్గు వైరు జోలికి పోకుండా, ఆ సిలిండరు ఇంజెక్టరు కనెక్టరును ఊడదీస్తే అదే ఫలితం ప్రమాదం లేకుండా తెలుస్తుంది. ఇవన్నీ గాలి బాగా ఆడే చోట చేయాలి. మూసిన షెడ్డులో ఇంజను తిప్పితే పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ప్లగ్గు చెప్పే సంగతి

సిలిండరు ఏదో తెలిశాక దాని ప్లగ్గును విప్పి, మిగతావాటి పక్కన వరుసలో పెట్టి చూడాలి. విప్పిన ప్లగ్గులను ఒక డబ్బాలో కలిపి పడేయడం సాక్ష్యాన్ని చేజేతులా చెరిపేసుకోవడమే. కొన లేత గోధుమ రంగులో, పొడిగా ఉంటే ఆ సిలిండరు ఆరోగ్యంగా ఉన్నట్టు. దీపపు మసి లాంటి నల్లటి పొడి పేరుకుంటే పెట్రోలు పాలు ఎక్కువవుతోంది. నల్లగా, జిడ్డుగా మెరుస్తుంటే ఇంజనాయిలు రింగులనో వాల్వు గైడులనో దాటి వస్తోంది. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే పెట్రోలు అందింది గానీ మండలేదని అర్థం. తెల్లగా పాలిపోయి, పింగాణీ మీద బొబ్బల్లాంటివి కనిపిస్తే పెట్రోలు తక్కువై గానీ, టైమింగ్, అంటే స్పార్కు పడే సమయం, ముందుకు జరిగి గానీ ఆ సిలిండరు మితిమీరి వేడెక్కుతోంది. నాలుగింటిలో ఒక్కటి మాత్రమే తెల్లబడితే, ఆ సిలిండరు పక్కన మానిఫోల్డు ప్యాకింగ్ దగ్గర గాలి లీకు కోసం వెతకాలి.

పింగాణీ బయటి వైపు పైనుంచి కిందికి సన్నని నల్లగీత ఉందేమో కూడా చూడాలి. స్పార్కు లోపలికి పోకుండా బయటినుంచే పారిపోయిందనడానికి అది గుర్తు. ప్లగ్గు సందును ఫీలర్ గేజితో కొలవాలి. చాలా ఇంజన్లకు అది 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది. అనుమానం ఉన్న ప్లగ్గును పక్క సిలిండరు ప్లగ్గుతో మార్చి పెట్టి, మిస్సింగ్ దానితోపాటు జరిగిందా అని చూడడం కొత్త ప్లగ్గు కొనే ముందు చేయవలసిన పని. ఒక్కో సిలిండరుకు ఒక్కో కాయిల్ ఉన్న ఇంజన్లలో కాయిల్‌కూ ఇదే పరీక్ష సరిపోతుంది.

స్పార్కు ఎక్కడ పోతోంది?

చీకటి పడ్డాక, చుట్టూ లైట్లన్నీ ఆర్పి, తిరుగుతున్న ఇంజను మీద బానెట్ ఎత్తి ఒకసారి చూడండి. వైర్ల వెంట, కాయిల్ మెడ దగ్గర, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ చుట్టూ నీలి మెరుపులు కదులుతుంటే ఇంక వెతకనక్కరలేదు. ఏమీ కనిపించకపోతే సన్నని నీటి తుంపర చల్లి మళ్లీ చూడాలి. వానలోనే మిస్ కొట్టే బండి గుట్టు ఇక్కడ బయటపడుతుంది. ప్లగ్గు వైర్లను మల్టీమీటరుతో కొలిచేటప్పుడు, కార్బన్ తీగ ఉన్న వైరుకు కొన్ని వేల ఓముల నిరోధం ఉండడం సహజమేనని గుర్తుంచుకోవాలి. పొడవైన వైరుకు ఎక్కువ, పొట్టిదానికి తక్కువ ఉంటుంది. ఆ నిష్పత్తికి పొంతన లేకుండా ఒక్కటి మాత్రం ఎగబాకితే దాన్ని మార్చాలి. వైరును వంచుతూ కొలవండి, లోపలి పగులు అప్పుడే తెలుస్తుంది.

డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపలి వైపును పొడిగుడ్డతో తుడిచి, మంచి వెలుతురులో తిప్పి తిప్పి చూడాలి. రెండు టెర్మినళ్ల మధ్య పెన్సిలుతో గీసినట్టు, వెంట్రుక మందాన ఒక వంకర గీత కనిపిస్తే అది మురికి కాదు, స్పార్కు కాల్చి వేసుకున్న కార్బన్ దారి. తుడిస్తే పోదు, గీకినా మళ్లీ వస్తుంది, క్యాప్ మార్చవలసిందే. నడుమ ఉండే కార్బన్ బుడిపె స్ప్రింగు మీద ఆడుతోందా, రోటర్ చివర కాలిపోయిందా అన్నవి కూడా అప్పుడే చూసుకోవాలి.

కాంటాక్ట్ పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి తెంచే స్విచ్చు లాంటి జంట) ఉన్న డిస్ట్రిబ్యూటరులో వాటి సందు సాధారణంగా 0.4 మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ఒక పాయింటు మీద గుంట పడి, ఎదుటి దాని మీద మొటిమ లేస్తే, పాయింట్లు కాలిపోకుండా కాపాడే కండెన్సర్ మీద అనుమానం పడాలి. కొత్త పాయింట్లు వేసినా పాత కండెన్సర్ వాటినీ అలాగే తినేస్తుంది. కాయిల్ ప్రైమరీ నిరోధం, బలాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే నిరోధం) లేని రకానికి సుమారు 3 ఓములు, ఉన్న రకానికి సుమారు 1.5 ఓములు. వేడెక్కాక వచ్చే లోపానికి చల్లటి కాయిల్‌ను కొలిస్తే ప్రయోజనం లేదు, మొరాయించిన క్షణంలోనే కొలవాలి. కాయిల్ మార్చినవారు ప్లస్, మైనస్ తీగలను తారుమారుగా బిగించినా బండి నడుస్తుంది గానీ, బరువు పడితే మిస్ కొడుతుంది. ప్లగ్గు నడిమి ఎలక్ట్రోడు వేడిగా ఉండటం వల్ల ఎలక్ట్రాన్లు అక్కడి నుంచి తేలికగా బయలుదేరతాయి. తీగలు తారుమారైతే అవి చల్లని వైపు నుంచి బయలుదేరవలసి వచ్చి, ఎక్కువ వోల్టేజీ కావలసి వస్తుంది.

తడబాటుకు మూలం

ఎక్సలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు గాలి వెంటనే లోపలికి దూసుకుపోతుంది, దానికన్నా ఎంతో బరువైన పెట్రోలు ఒక్క క్షణం వెనకబడుతుంది. పెట్రోలు ఒక వంతుకు గాలి సుమారు 14.7 వంతులు, బరువు లెక్కన, ఉండవలసిన పాళ్లు ఆ క్షణంలో చెదిరిపోతాయి. ఆ లోటు తీర్చడానికే కార్బురేటరులో ఎక్సలరేటర్ పంపు ఉంటుంది. ఇంజను ఆపి, ఎయిర్ ఫిల్టరు తీసి, టార్చి వేసి కార్బురేటరు గొంతులోకి చూస్తూ చేత్తో త్రాటిల్ తిప్పండి. కదిలించిన మరుక్షణమే పెట్రోలు ధార గట్టిగా చిమ్మాలి. ఆలస్యంగా వచ్చినా, చుక్కచుక్కగా కారినా పంపు డయాఫ్రమ్ చిరిగిందో, చిమ్మే రంధ్రం మూసుకుపోయిందో అయి ఉంటుంది.

చేత్తో లాగే చోక్ ఉన్న బండిలో మరో చక్కని పరీక్ష ఉంది. తడబడే వేగంలో నడుపుతూ చోక్‌ను సగం లాగి చూడాలి. తడబాటు తగ్గితే పెట్రోలు చాలడం లేదు. గాలి లీకు, జెట్లు (కార్బురేటరులో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలు), ఫ్లోట్ మట్టం (కార్బురేటరు గిన్నెలో పెట్రోలు ఎత్తు), ఫిల్టరు, పంపు, ఈ దారిలో వెతకాలి. ఇంకా ముదిరితే పెట్రోలు ఇప్పటికే ఎక్కువవుతోంది. ఏ మార్పూ లేకపోతే తప్పు పెట్రోలుది కాకపోవచ్చు.

ఈ చివరి మాటను నేను కష్టపడి నేర్చుకున్నాను. నా పాత కారు ఒకటి ఎక్సలరేటర్ మెల్లగా తొక్కినప్పుడల్లా ఒకే ఒక్క కుదుపు ఇచ్చి, ఆ తరువాత చక్కగా పోయేది. కార్బురేటరు రెండుసార్లు విప్పి శుభ్రం చేశాను, పంపు డయాఫ్రమ్ కొత్తది వేశాను. చోక్ లాగితే మార్పు లేదన్న సంగతి మొదటి రోజే గమనించినా దానికి విలువ ఇవ్వలేదు. చివరికి డిస్ట్రిబ్యూటరుకు పోయే వాక్యూమ్ పైపును ఊడదీసి, దాని నోరు మూసి నడిపితే కుదుపు మాయమైంది. క్యాప్ తీసి, ఆ పైపును నోటితో పీలుస్తూ పాయింట్ల తీగ మీద మీటరు పెట్టి చూశాను. పాయింట్లు బిగించి ఉండే ప్లేటు తిరిగిన ప్రతిసారీ మీటరు ముల్లు సున్నాకు పడిపోయేది. పాయింట్లకు వెళ్లే ఆ వేలెడు తీగ పైతొడుగు చెక్కు చెదరలేదు. లోపలి పోగులు మాత్రం ఏళ్ల తరబడి అటూ ఇటూ వంగి తెగిపోయి, కొసలు ఒకదానికొకటి ఆనుకుని మాత్రమే ఉన్నాయి. ఎక్సలరేటర్ తొక్కగానే వాక్యూమ్ మారి ప్లేటు తిరిగేది, ఆ క్షణానికి స్పార్కు పోయేది. అందుకే తడబాటుకు కార్బురేటరు విప్పే ముందు వాక్యూమ్ అడ్వాన్స్‌ను, అంటే ఇంజను పీల్పుతో ఆ ప్లేటును తిప్పి స్పార్కు సమయాన్ని ముందుకు జరిపే ఏర్పాటును, పరీక్షించడం ఇప్పుడు నాకు నియమం. పైపును పీల్చి నాలుకతో మూస్తే ప్లేటు తిరిగి అక్కడే నిలబడాలి. వెంటనే వెనక్కి జారితే డయాఫ్రమ్ చిరిగినట్టు.

గాలి లీకును వెతకడానికి మండే స్వభావం ఉన్న క్లీనర్లను వేడి ఇంజను మీద చల్లే అలవాటు చాలామందికి ఉంది. అది నిప్పుతో చెలగాటం. ఒక మీటరు రబ్బరు గొట్టం చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివరను మానిఫోల్డు ప్యాకింగ్ వెంట, ప్రతి పైపు కొస వెంట నడిపితే బుసకొట్టే శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. ఫ్యాను, బెల్టు దగ్గర మాత్రం గొట్టాన్నీ చేతినీ దూరంగా ఉంచాలి. వాక్యూమ్ గేజి ఉంటే ఇంకా మేలు: సముద్రమట్టం దగ్గర, ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఐడిలింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం దగ్గర ముల్లు కదలకుండా నిలుస్తుంది, ఎత్తుకు పోయే కొద్దీ ప్రతి 1,000 అడుగులకూ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. ముల్లు తక్కువలో నిలిస్తే లీకునో, వెనకబడ్డ టైమింగ్‌నో అనుమానించాలి. క్రమం తప్పకుండా ఒకే తాళంలో కిందికి కొట్టుకుంటే ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదు. రేస్ చేసి పట్టి ఉంచినప్పుడు మెల్లమెల్లగా జారిపోతుంటే సైలెన్సరో, క్యాటలిటిక్ కన్వర్టరో మూసుకుపోయి ఉంటుంది.

ఇంజెక్షన్ బండిలో ఎక్సలరేటర్ పంపు చేసే పనిని కంప్యూటరు చేస్తుంది, అందుకు అది త్రాటిల్ సెన్సర్ మాట నమ్ముతుంది. చాలా బండ్లలో త్రాటిల్ మూసి ఉన్నప్పుడు ఆ సెన్సర్ సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిచినప్పుడు సుమారు 4.5 వోల్టులు ఇస్తుంది. మెల్లగా తెరుస్తూ మీటరు చూస్తే అది ఎక్కడా తడబడకుండా పెరగాలి. ఏళ్ల తరబడి ఒకే చోట అరిగిన సెన్సర్ సరిగ్గా రోజూ నడిపే వేగం దగ్గరే ఒక్కసారి పడిపోతుంది. అంకెల మీటరు కన్నా ముల్లు ఉన్న పాత మీటరులో ఇది బాగా కనిపిస్తుంది. గాలిని కొలిచే సెన్సరుకూ త్రాటిల్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టాన్ని ముడతలు విడదీసి మరీ చూడాలి. అక్కడ పగిలితే కొలవని గాలి లోపలికి పోతుంది. పెట్రోలు ఒత్తిడి ఒక్కో సిలిండరుకు ఒక్కో ఇంజెక్టరు ఉన్న బండ్లలో చాలావరకు 35 నుంచి 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మధ్య ఉంటుంది. కార్బురేటరు బండి పంపుకు అందులో పదో వంతు చాలు.

అమెరికాలో 1996 మోడలు నుంచి కార్లన్నిటికీ తప్పనిసరైన ఓబీడీ-2 వ్యవస్థ (ఇంజను లోపాలను తానే గుర్తించి కోడుగా దాచుకునేది) ఉన్న బండి అయితే స్కానర్ పెట్టగానే పీ0301 అంటే మొదటి సిలిండరు, పీ0302 అంటే రెండోది, పీ0300 అంటే ఏ ఒక్కదానికీ పరిమితం కాని మిస్సింగ్ అని తెలుస్తుంది. కోడు సిలిండరును చూపుతుందే గానీ కారణాన్ని చెప్పదు. ఇంజను లైటు ఆగి ఆగి వెలుగుతుంటే మాత్రం కన్వర్టరు పాడయ్యేంత మిస్సింగ్ జరుగుతోందని అర్థం, బండిని ఇంక ముందుకు తోలకూడదు.

కంప్రెషన్

స్పార్కూ పెట్రోలూ బాగానే ఉన్నాయని తేలాక కంప్రెషన్ కొలవాలి. వేడెక్కిన ఇంజనుకు అన్ని ప్లగ్గులూ విప్పి, కాయిల్‌కూ పెట్రోలు పంపుకూ కరెంటు తీసేసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్రతి సిలిండరునూ నాలుగైదు చుట్లు తిప్పాలి. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం: ఎక్కువ చూపినదానికీ తక్కువ చూపినదానికీ 10, 15 శాతానికి మించి తేడా ఉండకూడదు. తక్కువ చూపిన సిలిండరులో ఒక చెంచా ఇంజనాయిలు పోసి మళ్లీ కొలిస్తే, అంకె పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల దగ్గర లోపం. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయిందనుకోవాలి. అయితే హెడ్డు దించే ముందు ట్యాపెట్ సందులు కొలవడం మరవకూడదు. బిగుసుకున్న ఎగ్జాస్ట్ వాల్వును పూర్తిగా కాలిపోకముందే పట్టుకుంటే సందు సరిచేయడంతో బయటపడవచ్చు.

లోపం దొరికి సరిచేశాక, మొదట కాగితం మీద రాసుకున్న పరిస్థితులనే మళ్లీ కల్పించాలి: అదే ఎత్తు, అదే గేరు, అదే వేడి. ఒకసారికి ఒక్క మార్పే చేసి ఉంటే ఈ పరీక్షకు విలువ ఉంటుంది. ఆ తరువాత రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపి, ఆ సిలిండరు ప్లగ్గును మళ్లీ విప్పి, మిగతావాటి పక్కన పెట్టి రంగు చూడండి.